మా ఇంటి ఎకనామిక్ లాస్

ఆ రోజుల్లో సి.ఎ. ఫైనల్‌కి ఎనిమిది పేపర్లుంటే, ఏడు వాళ్ళు పెట్టినవి, ఒకటి మన ఇష్టం. ఆరో పేపరుకి ఆరు సబ్జెక్టులు ముందుపెట్టి, వీటిలో నీకు నచ్చింది తీసుకోమనేవారు. పైగా ఆ ఒక్క పరీక్షకి హాల్లోకి పుస్తకాలు తీసుకెళ్ళవచ్చు, చూసి రాయవచ్చు. (చూసి రాసినా ఫెయిలవచ్చని నిరూపించినవాళ్ళు మా బ్యాచిలోనే కొందరున్నారు.) ఇప్పుడు సిలబస్ మారింది; ఆ పేపరు పోయింది, దాంతోపాటు ఆ ఇష్టమూ పోయింది. ఇప్పటి పిల్లలు ఎంత హాయిగా ఉన్నారో వాళ్ళకి తెలియదు. నా సంగతే తీసుకోండి. పదో తరగతి తర్వాత ఏ గ్రూపో అమ్మ చెప్పింది. సి.ఎ. చదవమని అమ్మ పనిచేసే బడి హెడ్మాస్టరు చెప్పారు. తెనాలిలో ఏ ఆడిటరు దగ్గర చేరాలో ఆ హెడ్మాస్టరు గారి తోడల్లుడు చెప్పారు. ఇరవై మూడేళ్ళు వచ్చాక, జీవితంలో మొదటిసారి, "నీకేం కావాలి?" అని నన్నెవరో అడిగారు. ఆ అడిగింది పరీక్ష ఫీజు కట్టే వెబ్‌సైటు. బెదిరిపోయాను.

తెనాలిలో మా ఆడిటరు గారి ఆఫీసు ఒక మందుల షాపు పైన మేడమీద ఉండేది. అక్కడ మూడేళ్ళపాటు ఒకే బల్లకి అటొకరు ఇటొకరుగా కూర్చున్నాం, నేనూ, బాపట్ల నుంచి వచ్చే ఇంకో అమ్మాయీ. ఆమెకి ఆఫీసులో స్థిరపడిన పేరు క్యాలెండరు. ఏ రిటర్నుకి ఏ తేదీ గడువో, ఏ గడువు ఎన్నిసార్లు పొడిగించారో, గోడవైపు తలెత్తకుండా చెప్పేది. మా సారు కూడా "అమ్మా క్యాలెండరూ" అనే పిలిచేవారు. ఆమె బాపట్ల నుంచి ఒక రైల్లో వచ్చేది, నేను రేపల్లె నుంచి ఇంకో రైల్లో వచ్చేదాన్ని. ముందు దిగినవాళ్ళు రెండోవాళ్ళ కోసం ఆగితే, ఇద్దరం కలిసి ఆఫీసుకి నడిచేవాళ్ళం. నాకు స్నేహితులు తేలిగ్గా దొరకరు. దొరికిన ఒక్కరినీ నేను ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో తెలిసి కూడా, చూసుకోలేకపోయాను. అదే ఈ కథ.

ఆర్టికల్స్ (అంటే ఆడిటరు దగ్గర చేసే ఆ మూడేళ్ళ శిక్షణ) అయిపోవస్తుండగా ఒక రోజు మధ్యాహ్నం క్యారియరు మూత తీస్తూ క్యాలెండరు అంది: "ఇద్దరం ఇంటర్నేషనల్ టాక్సేషన్ తీసుకుందామే. ఒకటే పుస్తకం కొందాం. ఒక ఆదివారం నేను మీ ఊరొస్తా, ఇంకో ఆదివారం నువ్వు మా ఊరొద్దువుగాని." నేను సరేనన్నాను. నాకు మాత్రం ఆ పేరంటేనే భయం. ఆ పేపరు నిండా దేశాలకీ దేశాలకీ మధ్య పన్నుల ఒప్పందాలు. అప్పటికి నేను దాటిన అతి పెద్ద సరిహద్దు పెనుమూడి వారధి. దాని అవతల ఉన్న విదేశం కృష్ణా జిల్లా. అయినా క్యాలెండరుకి కాదని చెప్పే ధైర్యం లేదు. ఆఫీసులో మా ఆఖరి రోజున మా సారు కాఫీ తాగుతూ, "ఏమ్మా, నువ్వు ఎకనామిక్ లాస్ తీసుకోరాదూ? ప్రతిదానికీ అలా ఎందుకండీ, ఇలా ఎందుకు కాదండీ అంటావు. నీకు చట్టాలు బాగా పడతాయి," అన్నారు. అది మెచ్చుకోలో, మూడేళ్ళ విసుగో నాకిప్పటికీ తెలియదు. నేను మెచ్చుకోలు కిందే జమకట్టుకుని, ఇంటికొచ్చి ఫారంలో ఎకనామిక్ లాస్ అన్నదాని మీద నొక్కేశాను. నొక్కిన సంగతి క్యాలెండరుకి రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు పది రోజులైనా రాలేదు; ఆమె ఫోన్లో కొనబోయే పుస్తకం గురించి చెబుతుంటే ఊఁ కొడుతూ వచ్చాను.

పదకొండో రోజున మళ్ళీ ఫోన్ చేసింది. గొంతులో సంబరం. "పుస్తకం వచ్చిందే! ఇటిక లాగుంది. షాపుకి తీసుకెళ్ళి మధ్యకి కోయించి రెండు బైండింగులు చేయించా. ముందు సగం నీది, వెనక సగం నాది. అయ్యాక మార్చుకుందాం."

అప్పుడు చెప్పాను. చెప్పడం కాదు, నసిగాను. ఆమె చివరిదాకా వింది. తర్వాత, "ఓహో," అంది. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఏడ్చి ఉంటే నేనూ ఏడ్చేదాన్ని. ఓహోకి ఏం సమాధానం చెప్పాలో మూడేళ్ళ శిక్షణలో ఎవరూ నేర్పలేదు. ఆ తర్వాత నేను చేసిన నాలుగు ఫోన్లకీ "తర్వాత చేస్తా" అని జవాబు వచ్చింది. అయిదోసారి చెయ్యడానికి మొహం చెల్లలేదు.

అలా నేను రేపల్లెలో మా ఇంట్లో చదువుకి కూర్చున్నాను. నాన్న నా చిన్నప్పుడే పోయారు. ఇంట్లో ముగ్గురం: అమ్మ, మామ్మ (అంటే నాన్న వాళ్ళమ్మ), నేను. అమ్మ పొద్దున్నే భట్టిప్రోలు బడికి బస్సెక్కి వెళితే చీకటి పడేలోపు వచ్చేది. మామ్మ పదింటికి అన్నం తిని, పన్నెండింటికి పడుకుని, నాలుగింటికి లేచేది. మధ్యలో ఇల్లంతా నాదే. దూరంగా మిల్లు చప్పుడు. వీధిలో ఉప్పు అమ్మే ఆటో మైకు. వరండాలో కుర్చీ, ఒళ్ళో ఎకనామిక్ లాస్. రోజుకి పది గంటలు చదివేదాన్ని, పది మాటలు మాట్లాడేదాన్ని కాదు. ఫోన్ మోగితే పరుగెత్తేదాన్ని. తీరా చూస్తే, ప్లాన్ అయిపోవస్తోంది రీచార్జి చేసుకోండని చెప్పే రికార్డు గొంతు. ఆవిడ చెప్పేదంతా చివరిదాకా వినేదాన్ని. మధ్యలో పెట్టేస్తే నొచ్చుకుంటుందేమోనని! (నవ్వండి, ఫరవాలేదు. ఆవిడ గొంతు బాగుండేది.)

ఒక మధ్యాహ్నం నేను కంచంలో అన్నం కెలుకుతుంటే మామ్మ ఎదురుగా పీట వేసుకు కూర్చుంది.

"ఏంటే అట్టా ఉన్నావు? నాలుగు రోజుల నుంచీ చూస్తన్నా, నోట్లో ముద్ద నోట్లోనే ఉంటంది. ఏంటి నీకొచ్చిన బాధ?"

నా స్నేహితురాలు నాతో మాట్లాడటంలేదని ఇరవై మూడేళ్ళ మనిషిని మామ్మతో ఎలా చెప్పుకోను? పక్కనున్న పుస్తకం చూపించి, "ఎకనామిక్ లాస్ మామ్మా," అన్నాను.

"లాసా?"

"ఊఁ."

"పెద్దదేనా?"

పుస్తకం మందం వైపు చూశాను. "చాలా పెద్దది."

"మీ అమ్మకి తెలుసా?"

"తెలుసు. ఎవర్నీ అనుకునేదేం లేదు మామ్మా, నాకై నేను తెచ్చిపెట్టుకున్నదే."

మామ్మ పీట ముందుకి జరుపుకుంది. "దీన్నించి బయటపడగలవా?"

"మూడు నెలల్లో పడాలి. పడకపోతే మళ్ళీ మొదటికొస్తది."

 మామ్మ లేచి నా తల మీద చెయ్యి వేసి, కాసేపు ఉంచి, లోపలికి వెళ్ళిపోయింది. మా తాతయ్య పూర్వం ధాన్యం వ్యాపారం చేసి దెబ్బతిన్నాడు. అప్పటినుంచీ మామ్మకి నిద్రలో లేపి అడిగినా అర్థం చెప్పగల ఇంగ్లీషు మాట ఒకటే, లాస్. ఆ విషయం నాకు ఆ క్షణాన గుర్తురాలేదు.

మా చర్చిలో శుక్రవారం స్త్రీల సమాజం కూడుతుంది. అక్కడ ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుంటే అందరూ ప్రార్థన చేస్తారు. ఆ శుక్రవారం మామ్మ చెప్పింది. ఆదివారం ఆరాధనలో మా అయ్యగారు (అంటే పాస్టరు గారు) కళ్ళు మూసుకుని, గొంతు తగ్గించి, "ఎకనామిక్ లాస్‌లో కూరుకుపోయిన ఒక కుటుంబాన్ని, ముఖ్యంగా ఆ భారాన్ని ఒంటరిగా మోస్తున్న యౌవన సహోదరిని జ్ఞాపకం చేసుకో ప్రభువా," అని ప్రార్థించారు. పాపం ఎవరో అనుకున్నాను. అందరికంటే గట్టిగా నేనే ఆమేన్ అన్నాను. పక్క బల్లల వాళ్ళు నావైపు చూసి కళ్ళు తుడుచుకున్నారు.

సోమవారం పొద్దున్నే మిల్లు బాబాయి వచ్చాడు. ఆయన మా సంఘ పెద్దల్లో ఒకడు, ఊళ్ళో ఒక రైసు మిల్లులో వాటా ఉంది. మనిషి చేత బియ్యం బస్తా దింపించి, వరండాలో కూర్చుని, "కొత్త బియ్యం కాదమ్మా, పాతవే," అన్నాడు. ఆపైన తను ఒకప్పుడు రొయ్యల చెరువుల్లో ఎలా మునిగిందీ, ఎలా తేలిందీ గంటసేపు చెప్పాడు. ఎందుకు చెబుతున్నాడో తెలియకపోయినా, ఒక మనిషి నా ఎదురుగా కూర్చుని గంటసేపు మాట్లాడటం ఎంత బాగుందో! మర్నాడు పెనుమూడి అత్త వచ్చింది. ఆమె స్త్రీల సమాజం కార్యదర్శి. గిన్నె నిండా రొయ్యల కూర తెచ్చి, "తిను తల్లీ, ఒంట్లో ఓపికుంటేనే నష్టాన్నయినా తట్టుకునేది," అంది. అప్పుడు వెలిగింది నాకు.

"అయ్యో అత్తా, లాస్ అంటే నష్టం కాదు. ఇది వేరే లాస్. చట్టాలు!"

అత్త మొహం పాలిపోయింది. గుండెల మీద చెయ్యి వేసుకుని, "చట్టాలా? అప్పుడే కోర్టుదాకా పోయిందా?" అంది. నేను పుస్తకం తెచ్చి చూపించేలోగా ఆమె చెప్పులేసుకుని, ఈ కొత్త కబురు చేరాల్సినచోటికి చేరవేయడానికి బయల్దేరింది.

ఆ సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి సంచి పెట్టకుండానే అడిగింది: "ఏంటే సంగతి? బస్సులో నాకు సీటిచ్చారు. ఇరవయ్యేళ్ళలో ఎన్నడన్నా ఇచ్చారా? పైగా ధైర్యంగా ఉండండి టీచరుగారూ అన్నారు. మనకేం జరిగింది?" జరిగింది చెప్పాను. అమ్మ గోడకి ఆనుకుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వు తగ్గాక టీచరు గొంతు బయటికొచ్చింది. "ఆదివారం లోపల మామ్మతో సహా అందరికీ చెప్పి సర్దు. ఆ బియ్యం వెనక్కి పంపు. తెలిసిందా?" తెలిసిందన్నాను. నాలుగు రోజులు పోయాక, సర్దేశానని, బియ్యం మాత్రం బాబాయి వెనక్కి తీసుకోనన్నాడని కూడా అన్నాను.

సర్దలేదు. ఇక్కడ నేను సాకులు చెప్పను. మొదట నోరు తిరగక చెప్పలేదు, తర్వాత చెప్పాలనిపించక చెప్పలేదు. మనుషులు వస్తున్నారు. కూర్చుంటున్నారు. ఎవరి జీవితంలో మునక వాళ్ళు నాకు చెబుతున్నారు. నేను ఊఁ కొడుతున్నాను. వాళ్ళు వెళ్ళాక నాకు అన్నం సహించేది. నష్టపోయిన అమ్మాయికి దొరికిన తోడు పరీక్ష రాసే అమ్మాయికి ఎన్నడూ దొరకలేదు, ఏం చెయ్యను?

ఆ వారంలోనే బెంచి తాతయ్య వచ్చారు. ఆయన బాపట్ల కోర్టులో చాలా ఏళ్ళు బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యారు. చర్చిలో కూడా ఎప్పుడూ మొదటి బెంచీలోనే కూర్చుంటారు. రెండు విధాలా పేరు సార్థకం. భార్య పోయాక స్టేషన్ దగ్గర ఒక గది, వంటిల్లు అద్దెకి తీసుకుని ఒక్కరే ఉండేవారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో గొడుగు. మధ్యాహ్నం మూడింటికి గేటు తీసుకుని వచ్చి, కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, "కేసు నంబరెంతమ్మా?" అన్నారు.

"కేసేమీ లేదు తాతయ్యా."

"సరే, లేదనే అనుకుందాం. కాగితాలు చూపించు."

ఇంకేం చూపించను, పుస్తకం చేతికిచ్చాను. ఆయన అట్ట వైపు చాలాసేపు చూశారు. తిప్పి వెనకవైపు చూశారు. తర్వాత నా మొహంలోకి చూసి, "ఏ పేజీ దగ్గరున్నావు?" అన్నారు.

అది మొదలు. రోజూ మూడింటికి గేటు చప్పుడయ్యేది. ఆ పేపరంతా కేసులే. ఫలానా కంపెనీ ఇలా చేసింది, ఫలానా అధికారి అలా చేశాడు, ఎవరిది తప్పు? నేను ఒక్కో కేసూ చదివి తెలుగులో చెప్పేదాన్ని, తాతయ్య తీర్పు ఇచ్చేవారు. కోర్టులో అన్నేళ్ళూ ఆయన నోరు తెరిచింది పేర్లు పిలవడానికీ, వాయిదా తేదీ చెప్పడానికే. లోపల దాచుకున్న తీర్పులన్నీ ఇప్పుడు మా వరండాలో బయటికొచ్చాయి. "ఆ కంపెనీవాడు దొంగే, కాదన్లేదు. అయితే నోటీసు ఇయ్యకుండా ఎట్టా పట్టుకుంటారమ్మా? చెల్లదు. కొట్టేశాం," అనేవారు. నేను సెక్షన్ వెతికితే నిజంగానే నోటీసు ఇవ్వాలని ఉండేది. మామ్మ టీ తెస్తే, "కోర్టు పది నిమిషాలు వాయిదా," అనేవారు. కష్టమైన కేసు వస్తే, "తీర్పు రిజర్వు చేశాం," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయి, మర్నాడు వచ్చీరాగానే చెప్పేవారు. రాత్రంతా ఆలోచించినట్టు మొహం చూస్తే తెలిసేది.

అలా దివాలా చట్టం దగ్గరికి వచ్చాం. తాతయ్యకి వినికిడి కాస్త తక్కువ కాబట్టి నేను గట్టిగా చదివేదాన్ని. "దివాలా తీశాక ఆస్తులెవరి చేతికి పోతాయి?" అని నేను అరుస్తుంటే, "ఇల్లు కూడా పోయిద్దా?" అని తాతయ్య అంతకంటే గట్టిగా అరుస్తుంటే, గేటు అవతల పూలమ్మే ఆవిడ బుట్టతో నిలబడిపోయింది. ఆ తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. మర్నాడు అయ్యగారు, ఇద్దరు పెద్దలు ఇంటికొచ్చి మామ్మని కూర్చోబెట్టి ప్రార్థన చేశారు. మిల్లు బాబాయి, "మా మిల్లులో గుమస్తా పని ఖాళీగా ఉందమ్మా. పరీక్షలదేముంది, తర్వాతైనా రాయొచ్చు," అన్నాడు. ఆయన మా ఆడిటరు గారి క్లయింటే. అదే వారం తెనాలి వెళ్ళినప్పుడు, మా సారుతో నా సంగతి చెప్పి బాధపడ్డాడట.

శనివారం మధ్యాహ్నం గేటు చప్పుడైతే తాతయ్య అప్పుడే వచ్చేశారేమిటని తలెత్తాను. క్యాలెండరు. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయింది, చేతిలో పెద్ద క్యారియరు. నాలుగు నెలల తర్వాత చూడటం. లోపలికొచ్చి క్యారియరు కింద పెట్టి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"సారు నిన్న చెప్పారే. పొద్దున్నే బస్సెక్కా. నాకెందుకు చెప్పలేదు? వెధవ పేపరు గురించి నేను మాట్లాడటం మానేస్తే మాత్రం, ఇంట్లో ఇంత జరుగుతుంటే చెప్పకూడదటే? మిల్లులో చేరమాక. పరీక్ష ఎగ్గొట్టమాక. నువ్వు మా ఇంటికొచ్చి ఉండు. నా గదిలో ఇంకో మంచం వేస్తానంది అమ్మ."

 అర నిమిషంలో ఆమె గదినీ, రెండో మంచాన్నీ, మంచం పక్క కిటికీనీ కూడా చూసేశాను. తల ఊపితే చాలు. అంతలో మామ్మ మంచినీళ్ళు తెచ్చి, "లాసు మాట తర్వాత మాట్లాడుకుందురుగాని, ముందు ఆ పిల్లని అన్నానికి లెగమను," అంది. క్యాలెండరు మామ్మని వాటేసుకుని ఏడ్చింది. మామ్మ కూడా ఏడ్చింది. ఇద్దరూ నిజంగా ఏడుస్తున్నారు.  ఇక ఆగలేక మొత్తం చెప్పేశాను, మామ్మ ముందే, మొదటి నుంచీ.

నవ్వుతుందనుకున్నాను. మా అమ్మ నవ్వింది కదా. క్యాలెండరు నవ్వలేదు. మొహం కడుక్కుని, "బాపట్ల బస్సు ఎన్నింటికుంది?" అంది. బస్టాండు దాకా వెనకాలే నడిచాను. చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బస్సు కోసం నిలబడ్డాం. బస్సు కనబడ్డాక అప్పుడు మాట్లాడింది. "నువ్వు వేరే పేపరు తీసుకున్నందుకు కాదే నాకు బాధ. పది రోజులు పుస్తకం గురించి మాట్లాడుతుంటే ఊఁ కొట్టావు చూడు, అదీ. ఇప్పుడు ఊరందరికీ ఊఁ కొడుతున్నావు." మెట్టెక్కి, వెనక్కి తిరిగి, "బాపట్లలో నేనూ ఒక్కదాన్నే చదువుతున్నా," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేసరికి మామ్మ పీట మీద అలాగే కూర్చుని ఉంది. "అంటే మనకి లాస్ రాలేదా?" అంది. రాలేదన్నాను. "దేవుడికి స్తోత్రం," అంది. లేచి పీట గోడకి ఆనించి, "మరి శుక్రవారం నేను వాళ్ళకేం చెప్పను?" అంది. మామ్మని ఆ ప్రశ్నతో వదిలేస్తే నాకు పుట్టగతులుండవు. మర్నాడు ఆదివారం, ప్రకటనల సమయంలో నేనే లేచి నిలబడ్డాను.  మా ఇంట్లో ఏ నష్టమూ రాలేదని, ఎకనామిక్ లాస్ అనేది నేను ఎంచుకున్న పరీక్ష పేపరని, మా మామ్మ తప్పు ఏమీ లేదని, తెలిసి కూడా నెలన్నర చెప్పకుండా ఉన్నది నేనేనని చెప్పాను.   పెనుమూడి అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో కోపమో తెలియలేదు. ఆఖరికి మిల్లు బాబాయి, "బియ్యం దేవుడి పేరున ఇచ్చాం, వెనక్కి తీసుకోం," అన్నాడు. అయ్యగారు గొంతు సవరించుకుని, "చేసిన ప్రార్థన కూడా వెనక్కి తీసుకునే పద్ధతి లేదమ్మా. దాన్ని నీ పరీక్షకి సర్దుబాటు చేసుకో," అన్నారు. అప్పుడు అందరూ నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు; సర్దేశానని ఆమెకీ అబద్ధం చెప్పాను కదా, ఆ లెక్క ఇంట్లో విడిగా తేలింది.

ఎవరూ కోపగించుకోలేదు. దారిలో కనబడితే, "ఏమ్మా, బాగా చదువుతున్నావా?" అని అడిగి వెళ్ళిపోయేవారు. కానీ రావడం మానేశారు. రావడానికి కారణం లేదు మరి. సోమవారం వరండాలో మళ్ళీ నేనూ, పుస్తకం, మిల్లు చప్పుడు. తాతయ్యకి ఎంత అవమానంగా ఉండి ఉంటుందో, కేసు నంబరు అడగడానికి వచ్చిన మనిషిని నెలన్నర ఆడించాను కదా అనుకుంటూ కూర్చున్నాను. మూడింటికి గేటు చప్పుడైంది. గొడుగు మూలన పెట్టి, కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుంటూ, "శుక్రవారం నాటి కేసులో..." అని మొదలుపెట్టారు.

"తాతయ్యా, చర్చిలో నేను చెప్పింది విన్నారా?"

"విన్నాను."

"మీకు కోపం రాలేదా? ఇన్నాళ్ళూ కేసుందనుకుని..."

"నేనెందుకనుకుంటానమ్మా? కోర్టులో ముప్పై ఏళ్ళు పుస్తకాలు మోసినవాణ్ణి. మొదటిరోజే అట్ట మీద చదివా."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

తాతయ్య కళ్ళజోడు పెట్టుకున్నారు. "చెబితే రెండో రోజు ఏం పని పెట్టుకుని రాను?" అని, వెంటనే గొంతు మార్చి, "ఊఁ, చదువు. ప్రతివాది హాజరేనా?" అన్నారు.

ఆ రాత్రి క్యాలెండరుకి ఒక మెసేజి పెట్టాను: "చర్చిలో అందరికీ చెప్పేశాను." రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వచ్చింది: "హాల్ టికెట్లు పెట్టారు. సోమవారం లోపల తీసుకో. ఫోటో సరిగ్గా ఉందో లేదో చూసుకో." అంతే. క్షమించానని రాయలేదు. నేను మాత్రం గడువు తేదీని అంత ప్రేమగా ఎన్నడూ చదువుకోలేదు. పరీక్షలు గుంటూరులో. ఆరో పేపరు రోజున ఆమె తన రెండు సగాల ఇటికనీ, నేను నా లాస్‌నీ మోసుకుని వెళ్ళాం. మా సబ్జెక్టులు వేరు కాబట్టి గదులు కూడా వేరయ్యాయి. మెట్ల దగ్గర విడిపోతూ, "చూసి రాయొచ్చని అన్నీ వెతుకుతూ కూర్చోమాక, టైమైపోద్ది," అంది. ఆ సలహా వల్లే గట్టెక్కానని నా నమ్మకం. తాతయ్య చెప్పిన తీర్పులు కూడా రెండు రాశాను. ఒకటి తప్పని బయటికొచ్చాక తెలిసింది. అది ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

ఫలితాలు వచ్చిన రోజు నేను తెనాలిలో ఉన్నాను. మా సారు దగ్గర ఏవో కాగితాల మీద సంతకం తీసుకుని, స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చుని ఉండగా ఫోన్లో కనబడింది. పాస్. మళ్ళీ చూశాను. పాసే. అమ్మకి చేస్తే ఎత్తలేదు, క్లాసులో ఉంటుంది. మామ్మకి ఫోన్ లేదు. క్యాలెండరుది ఎంగేజ్. (ఆమె కూడా పాసయింది, ఆ సమయంలో నాకే చేస్తోందని తర్వాత తెలిసింది.) ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె ఆగేటట్టుంది. బెంచీ మీద నా పక్కన నిమ్మకాయల బుట్టతో ఒక ఆవిడ కూర్చుని ఉంది.

"నేను పాసయ్యానండి," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏం పాసమ్మా, టెన్తా?"

"సి.ఎ. అండి."

"అది టెన్తు కంటే పెద్దదా?"

"కొంచెం పెద్దదండి."

"అయితే ఉత్త చేతుల్తో ఎట్టా పోతావు ఇంటికి?" అని బుట్టలో చెయ్యి పెట్టి, రెండు మూడు తీసి చూసి, మచ్చలేని నిమ్మకాయ ఒకటి ఏరి నా చేతిలో పెట్టింది.

బెంచి తాతయ్య పోయి రెండేళ్ళవుతోంది. క్యాలెండరు బెంగళూరులో పెద్ద ఉద్యోగం చేస్తోంది; గడువు తేదీలప్పుడు ఫోన్ చేస్తుంది. నాకు తెనాలిలోనే చిన్న ఆఫీసు ఉంది. ఒక్కోసారి సాయంత్రం రేపల్లె బండిలో కూర్చున్నప్పుడు ఫలితాలు వచ్చిన ఆ రోజు ఇదే బండిలో ప్రయాణం చేసిన పిల్ల గుర్తొస్తుంది. బండి కదిలాక సిగ్నల్ పోయింది. ఎదురు సీటు ఖాళీ. ఆ పిల్ల ఫోను సంచిలో పడేసి, నిమ్మకాయని రెండు చేతుల మధ్యా పట్టుకుని, కిటికీలోంచి చేలవైపు చూస్తూ, తనలో తనే నవ్వుకుంటూ, ఎవరైనా చూస్తున్నారేమోనని నవ్వు ఆపుకుంటూ, మళ్ళీ నవ్వుకుంటూ గంటసేపు కూర్చుంది. వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుని, "ఏంటమ్మా అంత సంతోషం?" అని అడగాలనిపిస్తుంది నాకు. అడిగినా లాభం లేదనుకోండి. నాకు తెలియనిదా? "ఏం లేదండి" అని కిటికీ వైపు తిరిగిపోయేది.